ఎండలో ఆరని దుప్పట్లు

"అది రిపేరు కాదమ్మా, రూలు. వీధిలో కరెంటు పోతే మీ డాబా మీదదీ పోతుంది," అన్నాడు ఫోనులో పంచదార.

సోలార్ ప్యానెళ్ళు అమ్మినవాడికి ఆ పేరు పెట్టింది అత్తగారు. నాలుగు నెలల కిందట అతను ఈ లాండ్రీ గదిలోనే కూర్చుని మాట్లాడి వెళ్ళాక, కుర్చీకి చీమలు పట్టాయేమో చూడమని ఆవిడ కోడలికి చెప్పింది. ఇవాళ ఆ గొంతులో తీపి అంతగా లేదు. డబ్బు ముట్టాక ఏ గొంతులోనైనా తీపి ఎన్నాళ్ళుంటుంది?

"రూలేమిటండీ? బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. డాబా నిండా మీ ప్యానెళ్ళే. డ్రయ్యరేమో తడి దుప్పట్లు కడుపులో పెట్టుకుని కదలకుండా కూర్చుంది," అంది కోడలు.

"లైను ఆగినప్పుడు మీ ఇంటి కరెంటు వీధి తీగల్లోకి వెళ్ళిందనుకోండి, స్తంభమెక్కి పనిచేసేవాడి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మీ మెషీను తనంతట తనే ఆగిపోతుంది. బ్యాటరీ ఉన్నదైతే మీ ఇంటివరకు నడుస్తుంది. బ్యాటరీ వద్దని మీరే సంతకం పెట్టారు కదమ్మా."

"ఎవరు పెట్టారు?"

"మీవారేనమ్మా. రెండు రకాలూ చూపించాం. ఖరీదెక్కువని, ఇదే చాలన్నారు."

కోడలు ఫోను పెట్టేసింది.

గోడ గడియారంలో పన్నెండు దాటింది. కరెంటు పోయి గంటయింది. గదిలో నూట ఇరవై ఆసుపత్రి దుప్పట్లు, ఉతికి పిండినవి, బుట్టల్లో గుట్టలుగా పడి ఉన్నాయి. సాయంత్రం అయిదింటికల్లా అవి ఆరి, మడతపడి, ఆసుపత్రి స్టోరులో ఉండాలి. ప్యానెళ్ళు పెట్టాక ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి అయితే ఇంకొకర్ని చూసుకుంటామని స్టోరు మేడమ్ పోయిన వారం నలుగురి ముందూ అనేసింది. వీధివాళ్ళ చొక్కాలూ ప్యాంట్లూ ఎప్పుడో మానేశారు, ఆసుపత్రి పనికే చేతులు చాలడం లేదని. ఆ దుప్పట్లు పోతే ఈ ఇంట్లో పొయ్యి వెలగడానికి వేరే దారి లేదు.

భర్త డ్రయ్యరు తలుపు తెరిచాడు. లోపల చెయ్యి పెట్టి చూశాడు. మూశాడు. గంట నుంచి అతను చేస్తున్న పని అదొక్కటే.

"ఏమంటాడు? మెకానిక్కుని పంపిస్తాడా?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"మెకానిక్కు వచ్చి ఏం బాగుచెయ్యాలి?"

"అదే, పైన మెషీను. కరెంటు పోయినప్పుడల్లా అదీ ఆగిపోతోంది కదా."

"మూడు నెలల నుంచి ఇదే మాట. మెకానిక్కు వస్తాడు, వైరు మారుస్తాడు, సరిపోతుంది. మీరు నాకు చెప్పారు. నేను అత్తయ్యకి ఒట్టేసి మరీ చెప్పాను."

అతని చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

"బ్యాటరీ వద్దని సంతకం పెట్టింది మీరట."

మూల స్టూలు మీద కూర్చుని చిరిగిన దుప్పటి అంచు కుడుతున్న అత్త తల ఎత్తింది. సూది గుడ్డలోనే ఉంది.

"పెట్టాను," అన్నాడు అతను. "అయితే ఏమంటావు?"

"నాకెందుకు చెప్పలేదంటాను."

"ఎట్లా చెప్పమంటావు? అప్పటికే నువ్వు వీధంతా చాటేశావు. ఇక కరెంటు పోయినా మాకు చింత లేదు, సూర్యుడే మా పనివాడు అని. నువ్వన్నావా లేదా?"

"అన్నాను. మీరు పక్కనే నిలబడి తలూపారు."

"నిన్ను అందరిముందూ అబద్ధాలకోరుని చెయ్యమంటావా?"

"అందరిముందూ అక్కర్లేదు. గదిలో, నా ఒక్కదానికి చెబితే సరిపోయేది. కరెంటు పోయిన ప్రతిసారీ ఆ మెకానిక్కు కోసం గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చాను. నా పిచ్చితనం చూస్తూ ఊరుకున్నారు."

అతని గొంతు లేచింది. "బ్యాటరీ కూడా కొంటే డ్రయ్యరుకి డబ్బెక్కడిది? డ్రయ్యరు లేకపోతే దుప్పట్లెక్కడ ఆరేస్తాం? డాబా మీద ప్యానెళ్ళు పెట్టేశాం కదా!"

ఆ మాట అన్నాక, అన్నవాడికే దాని అర్థం తెలిసింది.

నలభై ఏళ్ళు ఈ ఇంటి దుప్పట్లు ఆరబెట్టింది ఎండే. కూలీ అడగలేదు, సెలవు పెట్టినా వానాకాలంలోనే పెట్టింది. అట్లాంటి ఎండని పట్టి కరెంటు చేసి, ఆ కరెంటుతో డ్రయ్యరు తిప్పి, ఆ డ్రయ్యరుతో దుప్పట్లు ఆరబెట్టాలని ఇంట్లో చదువుకున్న ఇద్దరూ కలిసి తేల్చారు. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమంటే ఇదే. ప్యానెళ్ళు లేకపోతే డ్రయ్యరుకి ఇంత బిల్లు వచ్చేదత్తయ్యా, ఇప్పుడు సగమే వచ్చింది చూడండి అని కోడలు నెలనెలా కాగితం తెచ్చి చూపించేది. లెక్క తప్పేమీ కాదు. డ్రయ్యరే లేని రోజుల్లో ఆ సగం కూడా వచ్చేది కాదని అత్త అనగలదు. ఆవిడ ఒక్కసారీ అనలేదు, కాగితం చూసి మంచిదమ్మా అనేది.

ఇవాళ మాత్రం అంది.

"ఆరేసుకోవడానికి ఒక్క తీగ ఉంచమన్నాను. పన్నెండు తీగలుండేవి. ఒక్కటి."

కోడలు కళ్ళు దించుకుంది. ఆ ఒక్క తీగనీ కటింగు ప్లేయరుతో కత్తిరించింది తనే. దుప్పటి నీడ ఒక్క ప్యానెలు మీద పడినా మిగతావీ నీరసిస్తాయని పంచదార చెబితే, ఆ మాట పట్టుకుని, ఇక తీగల కాలం పోయిందత్తయ్యా అని నవ్వుతూ కత్తిరించింది. ప్యానెళ్ళకి ఇచ్చిన డబ్బు అత్త మోకాళ్ళ ఆపరేషనుకి దాచుకున్నది. అదీ తనే అడిగి తీసుకుంది. బరువులతో మెట్లెక్కబట్టే కదా మోకాళ్ళు అరిగాయి, డ్రయ్యరొస్తే మెట్లెక్కే పనే ఉండదు, మెట్లెక్కకపోతే ఆపరేషనే అక్కర్లేదు అని వాదించింది. అప్పుడు ఆ వాదన ఎంత బాగా కుదిరిందని! ఇప్పుడు తలుచుకుంటే కోడలికి తన నోటిని తనే కొట్టుకోవాలనిపించింది.

"వీధిలో తాడు కట్టేద్దాం," అన్నాడు అతను.

"దుమ్ములోనా? ఆసుపత్రి దుప్పట్లు!"

"పక్కింటివాళ్ళ డాబా..."

"తాళం వేసి ఊరెళ్ళారు. పొద్దున్నే చూశాను."

అత్త సూది గుచ్చిన చోటే వదిలి లేచింది. లేవడానికి ఆవిడకి రెండు చేతులూ, గోడా కావలసి వచ్చాయి. దగ్గరున్న బకెట్లోకి నాలుగు తడి దుప్పట్లు వేసుకుని గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికత్తయ్యా?"

"పైకి."

"డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు మిమ్మల్ని!"

"ఆపరేషను చేయించుకోమని కూడా అన్నాడు," అంది అత్త.

ఆ తర్వాత బకెట్ లాక్కుందామని వెళ్ళిన కోడలి చెయ్యి ముందుకు రాలేదు. కొడుకు వచ్చి తల్లి చేతిలోంచి బకెట్ అందుకున్నాడు. ఆవిడ ఇచ్చింది కాని ఎక్కడం మానలేదు. ముప్ఫై రెండు మెట్లు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, ఊపిరి తీసుకుని, పై మెట్టు చూసుకుంటూ ఎక్కింది. వెనక కోడలు, ఎక్కడ పడిపోతుందోనని చేతులు చాపుకుని, ఆ చేతులు ఆవిడ కంటపడితే తిడుతుందని మళ్ళీ ముడుచుకుని ఎక్కింది.

డాబా మీద అడుగు పెట్టే చోటే తక్కువ. పన్నెండు ప్యానెళ్ళు, నల్లగా, ఎండకి ఎదురుగా వాలి ఉన్నాయి. పాత తీగల కొక్కేలు పిట్టగోడకి అట్లాగే ఉన్నాయి కాని, ఒక్క తీగ కట్టాలన్నా ప్యానెళ్ళ మధ్య దుప్పటి వేలాడే సందు లేదు. అత్త అన్నీ చూసింది. తర్వాత ఒక ప్యానెలు దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించి, చురుక్కుమని వెనక్కి తీసుకుంది.

"ఈ అద్దాలు పెనంలా ఉన్నాయేమే!"

"ఎండకి వేడెక్కుతాయత్తయ్యా."

"ఒరేయ్, వీటిల్లో ఇప్పుడు షాకు కొట్టేదేమైనా ఉందా?"

"స్విచ్చులన్నీ తీసేశాను. పైన అద్దమే కదా, ఫరవాలేదు. కింద వైర్ల జోలికి మాత్రం పోవద్దు," అన్నాడు కొడుకు.

"అయితే తుడవండి."

ఇద్దరూ తెల్లబోయి చూశారు.

"చూస్తారేం? తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి. మరక మిగిలితే మేడమ్ మొహాన కొడుతుంది."

పన్నెండు ప్యానెళ్ళూ అద్దాల్లా తుడిచారు. మొదటి దుప్పటి అత్తే పరిచింది. నాలుగు మూలలా క్లిప్పులు పెట్టింది. తెల్లటి గుడ్డ నల్లటి అద్దానికి అంటుకుని, చూస్తుండగానే పలచగా ఆవిరి లేచింది. పావుగంట అయ్యేసరికి దుప్పటి గలగలలాడింది.

కోడలు లెక్క కట్టుకుంది. పావుగంటకి పన్నెండు. గంటకి నలభై ఎనిమిది. ఒంటిగంట కాబోతోంది. నాలుగింటిలోపు అయిపోతాయి. ఆశ కొంచెమే పుట్టింది కాని ఒళ్ళంతా పాకింది.

కొడుకు బుట్టలు మోస్తూ కిందికీ పైకీ తిరిగాడు. ఆడవాళ్ళిద్దరూ పరవడం, తీయడం, లాగి మడవడం. కరెంటు లేదు కాబట్టి ఇస్త్రీ లేదు. ఆరిన దుప్పటిని చెరో కొసా రెండేసి మూలలు పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి, ఒక్క ఊపున లాగితే ముడతలు పోతాయి. అది అత్తకి నలభై ఏళ్ళ విద్య.

"వచ్చిన కొత్తలో నీకిది చేతయ్యేది కాదు. లాగితే చేతిలోంచి జార్చేసేదానివి."

"మీరు తిట్టేవారు."

"తిట్టబట్టే వచ్చింది."

రెండోసారి లాగారు. ఫట్‌మని మోగింది దుప్పటి.

"ఇంత ఖరీదు పెట్టి ఆరేసుకునే బల్ల కొన్న లాండ్రీ ఇంకోటి ఉండదే అమ్మాయ్!" అంది అత్త, పరిచిన దుప్పట్ల వరస చూసి. ఆవిడకి నవ్వొచ్చింది. కోడలికీ వచ్చింది. ఇద్దరూ దుప్పటి పట్టుకునే కాసేపు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ కోడలి మొహం మారిపోయింది. ముక్కు భుజానికి తుడుచుకుంది, చేతులు ఖాళీగా లేక.

"తప్పు నాదత్తయ్యా. మీ మోకాళ్ళ డబ్బు..."

"తప్పొప్పులు తర్వాత. అంచు పట్టుకో."

తొంభై దాటాక అత్త మాట్లాడటం మానేసింది. నూరోది మడుస్తుండగా, చేతిలో కొస వదిలేసి, ఎవరో వెనక నుంచి తన్నినట్టు కూలబడింది. కోడలు పరుగెత్తింది. కుడి మోకాలు వంగిన చోటే బిగుసుకుపోయింది. చెయ్యి తగిలితే చాలు, ఆవిడ పళ్ళు కొరుక్కుంటోంది.

"ఏవండీ! త్వరగా రండి!"

కొడుకు వచ్చాడు. తల్లిని ఎత్తబోతే ఆవిడ అరిచిన అరుపుకి చేతులు వదిలేశాడు.

"ముట్టుకోకండి. జరుపుకుంటాను నేను." చేతుల మీద పాకుతున్నట్టు జరిగి, ప్యానెలు వెనక ఎత్తుగా ఉన్న వైపు, కింద పడ్డ నీడలోకి చేరింది. పిట్టగోడకి వీపు ఆనించింది. "ఇక్కడ బాగానే ఉంది. ఇంకెన్ని ఉన్నాయి?"

"ఇరవై. ఉండనివ్వండత్తయ్యా, ముందు మిమ్మల్ని దింపి డాక్టరు దగ్గరికి..."

"నన్ను దింపేసరికి అయిదవుతుంది. డాక్టరుకి ఏమిస్తావు, తడి దుప్పట్లా? ముందు అవి కానివ్వండి."

కొడుకు మళ్ళీ ఆవిడ మీదికి వంగబోయాడు.

"కానివ్వమన్నానా!"

మిగతా ఇరవై మొగుడూ పెళ్ళామూ చేశారు. అతనికి లాగడం రాదు. ఒకవైపు ఎక్కువ గుంజుతాడు, దుప్పటి ఐమూలగా సాగుతుంది. మళ్ళీ లాగాలి.

"నేను కావాలని..." అన్నాడు మధ్యలో, గొంతు తగ్గించి. "మెల్లగా ఎప్పుడో బ్యాటరీ పెట్టిస్తే నీకు తెలియకుండానే సర్దుకుంటుందనుకున్నాను."

"అంచు పట్టుకోండి," అంది ఆమె.

నాలుగూ పదికి చివరి దుప్పటి మడతపడింది. అత్త పక్కన మంచినీళ్ళ సీసా పెట్టి, భర్తని అక్కడే ఉండమని చెప్పి, కోడలు బండి తీసింది. దారంతా హారను మోగిస్తూ, ఎవరెవరి చేతో తిట్లు తింటూ వెళ్ళింది. ఆసుపత్రి వెనక గుమ్మం దగ్గర ఆగేసరికి అయిదుకి ఇంకా పన్నెండు నిమిషాలుంది.

స్టోరు మేడమ్ లెక్క పెట్టించుకుంది. పై దుప్పటి మీద చెయ్యి వేసి, "వెచ్చగా ఉన్నాయే!" అంది. ఎప్పుడూ లేనిది చిన్నగా నవ్వింది కూడా. కోడలికి ప్రాణం లేచొచ్చింది.

"మాసినవి ఎక్కడున్నాయండీ? బండిలో వేసుకుంటాను."

మేడమ్ రసీదు పుస్తకం మూసింది. తెరిచి మళ్ళీ మూసింది.

"కూర్చో అమ్మా."

కోడలు కూర్చోలేదు.

"నిన్న పొద్దున్నే పైవాళ్ళు కాగితం పంపారు. నీకు ఫోను చెయ్యడానికి నాకు నోరు రాలేదు. మీవి రెండుసార్లు ఆలస్యమయ్యాయి కదా, అప్పుడు ఆపరేషన్లు కూడా ఆగాయి. ఇక బయటివాళ్ళని నమ్ముకోవడం ఎందుకని అన్నీ ఇక్కడే పెట్టేసుకున్నారు. ఉతికేవీ, ఆరబెట్టేవీ. రేపట్నుంచి నడుస్తాయి. కరెంటు ఖర్చు లేకుండా పైన సోలార్ కూడా వేశారు."

"ఇవాళ టైముకి తెచ్చానండీ," అంది కోడలు.

"తెచ్చావమ్మా. నేను కాదనడం లేదు."

ఏడవాలో, బతిమాలాలో, కాళ్ళు పట్టుకోవాలో ఆమెకి తోచలేదు. నోట్లోంచి వచ్చిన మాట వేరే.

"బ్యాటరీలున్నాయాండీ వాటికి?"

మేడమ్‌కి అర్థం కాలేదు. "ఉన్నాయి. కింద ఒక గది నిండా ఉన్నాయి. ఎందుకు?"

"ఏం లేదండీ," అంది.

ఇంటికి వచ్చేసరికి వీధిలో దీపాలున్నాయి. భర్త గుమ్మంలో ఎదురొచ్చి, "కరెంటొచ్చింది!" అన్నాడు, లాటరీ తగిలినట్టు. ఆమె అతన్ని దాటుకుని మెట్లెక్కింది. ముప్ఫై రెండు మెట్లూ ఇవాళ ఎన్నోసారి ఎక్కుతోందో ఆమెకి గుర్తు లేదు.

అత్త అట్లాగే పిట్టగోడకి ఆనుకుని ఉంది. ఎండ దిగిపోయింది. కాలు వాచి, చర్మం సాగి మెరుస్తోంది.

"తీసుకున్నారా?"

"తీసుకున్నారత్తయ్యా."

"నూట ఇరవయ్యీ?"

"అన్నీ."

"ఆలస్యమేమీ కాలేదుగా?"

"పన్నెండు నిమిషాలు ముందే ఇచ్చాను. వెచ్చగా ఉన్నాయని మెచ్చుకుంది."

అత్త కళ్ళు మూసుకుని తల ఊపింది. నొప్పితో నల్లబడ్డ ఆ మొహంలో ఒక తృప్తి కనిపించింది. అది చూడలేక కోడలు పక్కకి తిరిగింది.

"సరే. రేపు నేను ఎక్కలేకపోయినా, ఎట్లా చెయ్యాలో నీకు తెలిసింది కదా. ఎండ ముదిరాక పరిస్తే పావుగంట. వాణ్ణి మాత్రం లాగనివ్వకు, గుడ్డ చింపేస్తాడు." కళ్ళు తెరిచింది. కోడలి రెండు చేతుల వైపూ చూసింది. పక్కకి వంగి, పిట్టగోడ కంతల్లోంచి కింద వీధిలో ఆగి ఉన్న బండి వైపు చూసింది. బండి వెనక తలుపు తెరిచే ఉంది. లోపల ఏమీ లేదు.

"మాసినవేవే?"

కోడలు కింద పడ్డ క్లిప్పులు ఏరడం మొదలుపెట్టింది.

"నిన్నే. రేపు ఉతకడానికి మాసినవి తేలేదేం?"

మెట్ల మీద చప్పుడైంది. కొడుకు చేతుల కుర్చీ ఒకటి పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. "దీన్లో కూర్చోబెట్టి దింపేద్దాం. నువ్వు ముందు కాళ్ళు పట్టుకో, నేను..."

"కుర్చీ అక్కడ పెట్టరా," అంది అత్త, కోడలి మొహం మీంచి చూపు తిప్పకుండా. "ముందు దీన్ని చెప్పనీ."